స్టార్ ఆటగాడు లేని రోజున బంతి ఎవరి చేతికి?

ఆటల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బాస్కెట్‌బాల్ గురించినవే ఎక్కువగా ఉండడం నాకు కొంత ఆశ్చర్యం కలిగించింది. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో కబడ్డీకి, వాలీబాల్‌కు ఉన్న ఆదరణ ఈ ఆటకు ఎన్నడూ లేదు. అయినా తెల్లవారుజామున లేచి, దుప్పటి కప్పుకొనే ఫోన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్ చూసి, ఆ తర్వాత కాలేజీకి బయలుదేరే కుర్రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారని ఈ ఉత్తరాలను బట్టి తెలుస్తున్నది. అన్నీ ఇంచుమించు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందున ఐదింటిని కలిపి ఈ సంచికలో తీసుకుంటున్నాను.

ప్రశ్న: నేను అభిమానించే ఎన్‌బీఏ జట్టులో ఇరవై రెండేళ్ల ఆటగాడొకడు మ్యాచ్‌కు సగటున 25 పాయింట్లు చేసేవాడు. సీజన్ మొదలైన మూడు వారాలకే మోకాలి గాయంతో తప్పుకున్నాడు. "ఇక మీ జట్టుకు మ్యాచ్‌కు 25 పాయింట్లు పోయినట్టే, పని అయిపోయింది" అని హాస్టల్ మిత్రులు ఏడిపిస్తున్నారు. ఆ లెక్క నిజమేనా? – ఒక డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

జవాబు: నిజం కాదు. నాట్లు వేసే పదిమందిలో ఒకరు రాకపోతే ఆమె మునుం ఖాళీగా మిగిలిపోదు. పక్కవాళ్లు పంచుకుంటారు, పొలం నిండుతుంది. కాకపోతే పొద్దు ఎక్కువ పోతుంది, చివరి సాళ్లు వంకర తిరుగుతాయి. బాస్కెట్‌బాల్‌లో గాయం వల్ల కలిగే నష్టాన్ని కూడా ఇలాగే లెక్కించాలి. పోయిన మనిషి వాటా ఎంత అని కాదు, ఆ వాటాను పంచుకున్నవాళ్లు దాన్ని ఎంత బాగా చేయగలిగారు అని చూడాలి.

ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో ఎప్పుడూ ఐదుగురు, కనుక జట్టు చేతిలో మ్యాచ్‌కు 240 నిమిషాల ఆట ఉంటుంది. మీ ఆటగాడు 36 నిమిషాలు ఆడేవాడనుకుందాం. ఇప్పుడు ఆ 36 నిమిషాలు బెంచీ మీది ఇద్దరు ముగ్గురికి పోతాయి. అతడు మ్యాచ్‌కు 20 షాట్లు వేసి 25 పాయింట్లు తెచ్చేవాడనుకుంటే, ఆ 20 షాట్లు గాలిలో కలిసిపోవు, మిగతావాళ్లు వేస్తారు. వాళ్ల గురి అంత బాగా ఉండదు కనుక వాటి మీద 20, 21 పాయింట్లు రావచ్చు. అంటే అసలు నష్టం నాలుగైదు పాయింట్లు.

ఇంతేనా అని మీరు ఊపిరి పీల్చుకోకండి, ఎందుకంటే ఆ నాలుగైదు పాయింట్లే చాలా పెద్దవి. 82 మ్యాచ్‌ల సీజన్‌లో మ్యాచ్‌కు సగటున జట్టు చేసే పాయింట్లకూ ప్రత్యర్థికి ఇచ్చే పాయింట్లకూ ఉన్న తేడా ఒక పాయింటు మారితే దాదాపు రెండున్నర విజయాలు మారతాయన్నది అక్కడి విశ్లేషకులు చాలాకాలంగా వాడుతున్న స్థూలమైన లెక్క. ఆ ప్రకారం నాలుగు పాయింట్లు తగ్గితే పది విజయాలు పోతాయి, 50 గెలవవలసిన జట్టు 40 దగ్గర ఆగుతుంది. లీగ్‌లో తూర్పు, పడమర అని రెండు కాన్ఫరెన్సులు (విభాగాలు) ఉంటాయి. ఒక్కో కాన్ఫరెన్సులోని 15 జట్లలో మొదటి ఆరింటికే, రెగ్యులర్ సీజన్ ముగిశాక విజేతను తేల్చే ప్లేఆఫ్స్‌లో నేరుగా చోటు దొరుకుతుంది, ఏడు నుంచి పది వరకు ఉన్నవి ప్లే-ఇన్ మ్యాచ్‌లు ఆడి గెలవాలి. నిశ్చింతగా ఉన్న జట్టును గడప మీద నిలబెట్టడానికి ఆ పది విజయాలు చాలు.

ఈ అంకెలకు అందని సంగతి ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అదే అసలైనది. మీ ఆటగాడు బంతిని కోర్టు దాటించి ఆటను నడిపేవాడా, లేక ఇతరులు అందించిన బంతిని బుట్టలో వేసేవాడా? రెండోరకం ఆటగాడు తప్పుకుంటే పాయింట్లు తగ్గుతాయి. మొదటిరకం వాడు తప్పుకుంటే తక్కిన నలుగురి ఆటే మారిపోతుంది, ఎందుకంటే నిన్నటిదాకా ప్రత్యర్థులు ఇద్దరేసి అతడి మీదకు పోతుంటే ఖాళీగా నిలబడి షాట్ వేసినవాళ్లు, రేపటి నుంచి చెయ్యి మీద చెయ్యి పడుతుండగా వేయాలి.

దీనికి మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టు మంచి ఉదాహరణ. 2021-22లో వాళ్ల యువ పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపేవాడు) జా మొరాంట్ రెగ్యులర్ సీజన్‌లో 25 మ్యాచ్‌లకు దూరంగా ఉంటే, ఆ 25లో జట్టు 20 గెలిచింది. మొత్తం మీద 56 గెలిచి 26 ఓడింది. అప్పట్లో మొరాంట్ లేకుంటేనే జట్టు మేలు అని కూడా కొందరు వాదించారు. అది తొందరపాటు మాట. నిజానికి అక్కడ జరిగిందేమిటంటే, అతడి బదులు బంతి పట్టిన టైయస్ జోన్స్ బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడంలో లీగ్ మొత్తానికీ మహా పిసినారి, పక్కన డెస్మండ్ బేన్ వంటి షూటర్లు ఉన్నారు. బంతి వెళ్లవలసిన రెండో చెయ్యి ముందే సిద్ధంగా ఉంది. అదే మొరాంట్ 2023-24లో సస్పెన్షన్, ఆపైన భుజం గాయం వల్ల తొమ్మిది మ్యాచ్‌లే ఆడితే, అంతకు ముందు ఏడాది 51 గెలిచిన ఆ జట్టు 27కు పడిపోయింది. ఆ ఏడు జోన్స్ వేరే జట్టుకు పోయి ఉన్నాడు, మిగతా ముఖ్యులు కూడా ఒకరి తర్వాత ఒకరు గాయపడ్డారు, ఒక్క సీజన్‌లో ముప్పైమందికి పైగా ఆటగాళ్లను దింపవలసి వచ్చింది. కనుక మీ మిత్రులతో వాదించే ముందు మీ జట్టు బెంచీ మీద రెండో పాయింట్ గార్డ్ ఎవరో ఒకసారి చూడండి.

ప్రశ్న: సీజన్ మొదట్లో గాయమైతే నష్టమా, చివర్లో అయితే నష్టమా? మొదట్లో అయితే ఎక్కువ మ్యాచ్‌లు పోతాయి కదా? – రైసు మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ

జవాబు: మ్యాచ్‌ల సంఖ్య చూస్తే మీరన్నదే సరి, కానీ ఆశలన్నీ పండే వేళకు తగిలిన గాయమే జట్టును కూల్చుతుంది. 2012 ఏప్రిల్ 28న షికాగోలో జరిగింది గుర్తు చేస్తాను. షికాగో బుల్స్ జట్టు ఆటగాడు డెరిక్ రోజ్ అంతకు ముందు ఏడాది 22 ఏళ్లకే లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికై, ఆ గౌరవం పొందినవారిలో అతి పిన్నవాడిగా నిలిచాడు. యాజమాన్యాలకు, ఆటగాళ్లకు మధ్య ఒప్పందం కుదరక ఆట ఆగిపోయిన లాకౌట్ వల్ల 66 మ్యాచ్‌లకు కుదించిన ఆ సీజన్‌లో బుల్స్ 50 గెలిచి 16 ఓడి, తూర్పు కాన్ఫరెన్సులో మొదటి స్థానంలో ఉంది. ప్లేఆఫ్స్ మొదటి రౌండు మొదటి మ్యాచ్, ఎదుట ఎనిమిదో స్థానపు ఫిలడెల్ఫియా, ఇంకా 1 నిమిషం 22 సెకన్లు మాత్రమే మిగిలి ఉంది, బుల్స్ 12 పాయింట్ల ముందంజలో ఉంది. రోజ్ బుట్ట వైపు దూసుకుపోతూ రెండు కాళ్ల మీద ఆగి పైకి లేచాడు. కిందికి దిగేసరికి ఎడమ మోకాలిని పట్టుకొని ఉన్నాడు. ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. మ్యాచ్ గెలిచారు, సిరీస్ 4-2తో ఓడారు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. అదే సీజన్‌లో చిన్నచిన్న గాయాల వల్ల రోజ్ 27 మ్యాచ్‌లు ఆడనేలేదు, అయినా వాటిలో బుల్స్ 18 గెలిచింది. అప్పుడు లేని లోటు ప్లేఆఫ్స్‌లో ఎందుకు బయటపడింది? రెగ్యులర్ సీజన్‌లో రోజుకొక ప్రత్యర్థి ఎదురవుతాడు, మీ బలహీనతను వెతకడానికి అతడికి తీరిక ఉండదు. ప్లేఆఫ్స్‌లో ఒకే జట్టు వరసగా ఏడు మ్యాచ్‌ల దాకా ఎదురుగా కూర్చొని, మీరు బంతిని ఎవరి చేతికిస్తున్నారో, వాడు ఏ వైపు తిరగలేడో చూసి, తర్వాతి మ్యాచ్‌కు ఆ దారి మూసేస్తుంది. అయితే ఓటమినంతా రోజ్ మోకాలి మీదే వేయడం న్యాయం కాదు, మూడో మ్యాచ్‌లో జోకిమ్ నోవా కూడా చీలమండ గాయంతో తప్పుకున్నాడు.

మరుసటి 2012-13 సీజన్ మొత్తం రోజ్ ఆడలేదు. బుల్స్ 45 గెలిచి 37 ఓడింది. ముందు ఏటి 50 విజయాలను 82 మ్యాచ్‌లకు సాగదీస్తే 62 అవుతాయి, ఆ లెక్కన పదిహేడు విజయాలు తగ్గినట్టు. అందులోనూ రోజ్ వాటా ఎంతో కచ్చితంగా విడదీయలేము, ఎందుకంటే ఆ వేసవిలోనే బెంచీ మీది ఆటగాళ్లు చాలామంది జట్టు వదిలి వెళ్లారు. అయినా మొదటి రోజు నుంచే అతడు లేడని తెలిసి ఉండడం వల్ల కోచ్ ఆటను వేరేగా కట్టుకోగలిగాడు, ఆ జట్టు ప్లేఆఫ్స్‌లో రెండో రౌండు దాకా వెళ్లింది. రోజ్‌తో మొదలుపెట్టి మధ్యలో పోగొట్టుకున్న జట్టు మొదటి రౌండులో ఓడింది, అతడు లేకుండా మొదలుపెట్టిన జట్టు దాన్ని దాటింది. మీ ప్రశ్నకు జవాబు ఈ రెండు ఏళ్లలోనే ఉంది.

ప్రశ్న: స్టార్ ఆటగాడు గాయపడితే కొన్ని జట్లు కావాలనే ఓడిపోతాయని విన్నాను. ఇది మోసం కాదా? – ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: ఆటగాళ్లు కావాలని ఓడరు. యాజమాన్యాలు మాత్రం గెలవడానికి తొందరపడవు, అంతే. కింది స్థానాల్లో ముగిసిన జట్లకు మరుసటి సీజన్ కోసం జరిగే డ్రాఫ్ట్‌లో ముందుగా కొత్త కుర్రాణ్ని ఎంచుకొనే అవకాశం లాటరీలో ఎక్కువగా ఉంటుంది. 1996-97లో తమ ముఖ్య ఆటగాడు డేవిడ్ రాబిన్సన్ గాయాల వల్ల ఆరు మ్యాచ్‌లే ఆడితే, అంతకు ముందు ఏడాది 59 గెలిచిన శాన్ ఆంటోనియో జట్టు 20కి పడిపోయి, లాటరీ తగిలి టిమ్ డంకన్‌ను తెచ్చుకుంది. రెండేళ్లు తిరిగేసరికి 1999లో విజేతగా నిలిచింది. ఈ ఆశను తగ్గించడానికే 2019లో అట్టడుగు మూడు జట్లకూ మొదటి ఎంపిక అవకాశాన్ని సమానంగా 14 శాతం చొప్పున చేశారు. మోసం అనను గానీ, టికెట్ కొని వచ్చిన ప్రేక్షకుడికి అది మర్యాద కాదు.

ప్రశ్న: గాయపడిన యువ ఆటగాడు తిరిగి వచ్చిన రోజు నుంచే జట్టు మామూలు స్థితికి వస్తుందనుకోవచ్చా? – ప్రైవేటు ఉద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: అలా అనుకొనే చాలామంది అభిమానులు రెండోసారి నిరాశపడతారు. ముందుగా, జట్టు ప్రకటించే వారాల లెక్కను ఒక ఆశగా మాత్రమే తీసుకోవాలి. 2019 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా వచ్చిన జయాన్ విలియమ్సన్‌కు సీజన్ మొదలు కాకముందే కుడి మోకాలి కీలు మధ్య ఉండే మెనిస్కస్ చిరిగి ఆపరేషన్ జరిగితే, ఆరు నుంచి ఎనిమిది వారాలన్నారు. అతడు కోర్టులోకి వచ్చింది 2020 జనవరి 22న, జట్టు 44 మ్యాచ్‌లు ఆడేశాక. మోకాలి గాయం అన్న ఒక్క మాట కింద ఎన్నో రకాలుంటాయి. మెనిస్కస్‌లో చిరిగిన ముక్కను తీసేస్తే నెలా రెండు నెలల్లో ఆడవచ్చు, కుట్టు వేస్తే నాలుగు నుంచి ఆరు నెలలు, ఏసీఎల్ తెగితే తొమ్మిది నుంచి పన్నెండు నెలలు పడుతుంది.

వచ్చాక కూడా నిమిషాలను కొలిచి ఇస్తారు. మైకేల్ జోర్డాన్ తన రెండో సీజన్‌లో, అంటే 1985-86లో, మూడో మ్యాచ్‌లోనే ఎడమ పాదం ఎముక విరిగి 64 మ్యాచ్‌లకు దూరమయ్యాడు. తిరిగి వచ్చినప్పుడు ఒక్కో అర్ధభాగంలో ఏడు నిమిషాలకు మించి ఆడించరాదని యాజమాన్యం కోచ్‌ను కట్టడి చేస్తే, ఆ కుర్రవాడు మండిపడ్డాడు. ఆ ఏడాది బుల్స్ 30 గెలిచి 52 ఓడి కూడా ప్లేఆఫ్స్‌కు చేరింది. అక్కడ 1986 ఏప్రిల్ 20న బోస్టన్ మీద అతడు 63 పాయింట్లు చేశాడు, అయినా జట్టు రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత ఓడింది, సిరీస్ కూడా 3-0తో పోయింది. ఒక్కడు తిరిగి వచ్చినంత మాత్రాన మిగతా పదిమంది ఆట మారదని ఆ రాత్రి తేలింది. యాజమాన్యం జాగ్రత్త అప్పట్లో పిరికితనంగా కనిపించిందేమో గానీ, మరుసటి ఏడు అతడు 82 మ్యాచ్‌లూ ఆడి సగటున 37.1 పాయింట్లు చేశాడు.

నాకు అంతకంటే నచ్చిన ఉదాహరణ ఓక్లహోమా సిటీ. 2022 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా వచ్చిన చెట్ హోమ్‌గ్రెన్ ఆగస్టులో సియాటెల్‌లో ఒక సరదా మ్యాచ్ ఆడుతూ కుడి పాదానికి గాయం చేసుకొని సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. అంతకు ముందు 24 గెలిచిన జట్టు అతడు లేకుండానే 40 గెలిచింది, ఎందుకంటే ఆ ఖాళీ నిమిషాల్లో కుర్రాళ్లను ఓపికగా ఆడించారు. అతడు వచ్చి 82 మ్యాచ్‌లూ ఆడిన 2023-24లో 57 గెలిచారు. ఆ తర్వాతి సీజన్‌లో 2024 నవంబరులో అతడు తుంటి ఎముక విరిగి మళ్లీ మూడు నెలలు బెంచీ మీద కూర్చుంటే, ఈసారి జట్టు తొణకలేదు, బెణకలేదు. 68 గెలిచి, 2025 జూన్‌లో లీగ్ విజేత అయింది. కాబట్టి యువ ఆటగాడి గాయం విషయంలో అంచనాను ఒక సీజన్‌కు వేయకూడదు, రెండింటికి కలిపి వేయాలి.

ప్రశ్న: మా పాఠశాల అండర్-17 బాలికల జట్టులో తొమ్మిదో తరగతి అమ్మాయే అన్నీ. జోనల్ పోటీలకు రెండు వారాలుండగా ఆమె కాలు మడతపడింది, చీలమండ వాచింది. బెణుకు తీయించి, గట్టిగా కట్టు కట్టించి ఆడిద్దామని ఇంట్లోవాళ్లూ అంటున్నారు, ఊళ్లోవాళ్లూ అంటున్నారు. ఆమె లేకపోతే మొదటి మ్యాచ్‌లోనే ఇంటికి వస్తామేమోనని నా భయం. ఏం చేయమంటారు? – వ్యాయామ ఉపాధ్యాయురాలు, వనపర్తి

జవాబు: అమ్మా, పైన రాసిన అమెరికా కథలన్నీ మీ ఉత్తరం చదివాకే నాకు గుర్తుకు వచ్చాయి. ముందుగా కాలి సంగతి. సాయం లేకుండా నాలుగు అడుగులు వేయలేకపోతే, లేదా చీలమండ ఎముక మీద వేలు ఆనించగానే నొప్పి పుడితే, ఎక్స్‌రే తీయించకుండా ఉండవద్దు. ఆ వయసు పిల్లల్లో ఎముక చివర ఇంకా పెరిగే భాగం ఉంటుంది, పైకి బెణుకులా కనిపించేది అక్కడ తగిలిన దెబ్బ కావచ్చు. మొదటి రెండు మూడు రోజులు మర్దన, వేడి కాపడం, బెణుకు తీయడం ఏవీ వద్దు, వాపు పెరుగుతుంది. తేలికపాటి బెణుకైతే వారం నుంచి రెండు వారాల్లో తగ్గవచ్చు, మధ్యరకమైతే మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒంటికాలి మీద నిలబడి, గెంతి, పరుగెత్తుతూ దిశ మార్చగలిగే వరకు ఆమెను కోర్టులోకి పంపవద్దు.

ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం నేను చేసిన తప్పే. చాలా ఏళ్ల కిందట ఒక జోనల్ సెమీఫైనల్లో మా జట్టు పొడుగు కుర్రవాడు రీబౌండ్ పట్టి దిగుతూ ప్రత్యర్థి బూటు మీద కాలు వేశాడు. గేటు బయట చెరుకు రసం బండి దగ్గర అడిగి తెచ్చిన మంచుగడ్డను తువ్వాలులో చుట్టి అద్దుతూ నేను కోర్టు వైపు చూస్తున్నాను. మా పిల్లల్లో ఎవరికి బంతి అందినా మొదట బుట్ట వైపు చూడడం లేదు, బెంచీ మీద వీడి వైపు చూస్తున్నారు. నియమం ప్రకారం దాటవలసిన ఎనిమిది సెకన్లలో మధ్య గీత దాటలేక రెండుసార్లు బంతి పోగొట్టుకున్నారు. అది చూసి ఆగలేక మూడో క్వార్టర్‌లో క్రేప్ బ్యాండేజీ బిగించి వాణ్ని దింపాను. ఆ మ్యాచ్ గెలిచాము, ఫైనల్ ఓడాము. వాడి చీలమండ ఆ తర్వాత మెట్లు దిగినా మడతపడేది, మరుసటి ఏడు వాడు జట్టులో లేడు. తప్పు బంతిని ఎప్పుడూ వాడికే ఇవ్వమని ఏడాది పొడవునా నేర్పిన నాదే.

మీకింకా రెండు వారాలున్నాయి. మీ మ్యాచ్ 40 నిమిషాలు, అంటే పంచుకోవడానికి 200 నిమిషాల ఆట ఉంది. కొత్త ఎత్తుగడలేవీ నేర్పవద్దు. రోజూ ఇద్దరు అమ్మాయిలను ఎంచుకొని, ఎదురుగా ముగ్గురు అడ్డుకుంటుండగా ఎనిమిది సెకన్లలో బంతిని మధ్య గీత దాటించడమొక్కటే సాధన చేయించండి, షాట్ తర్వాత చూసుకోవచ్చు. మొదటి మ్యాచ్ ఓడవచ్చు, కాదనను. గాయపడిన అమ్మాయిని మాత్రం ఇంటి దగ్గర వదిలి వెళ్లకండి. జట్టు బనీను తొడిగించి బెంచీ మీద మీ పక్కనే కూర్చోబెట్టి, చేతికో నోటు పుస్తకం ఇచ్చి, బంతిని ప్రతిసారీ గీత దాటించింది ఎవరో, ఎన్ని సెకన్లు పట్టిందో రాయమనండి. ఏ పేరు ఎక్కువసార్లు కనిపిస్తే, ఈ అమ్మాయి కాలు బాగై తిరిగి వచ్చాక కూడా క్వార్టర్‌కు రెండు మూడు నిమిషాలు బంతి తెచ్చే పని ఆ పిల్లకే ఉంచండి.